ఫకతానె, దాని రెండు దీవులు: పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రెండు రోజులు

మీ ప్రశ్న సారాంశం ఇదని నేను అర్థం చేసుకున్నాను. డిసెంబరు మూడో వారంలో మీరు, మీ శ్రీమతి, పదేళ్ళ అబ్బాయి, డెబ్బైకి దగ్గరపడుతున్న మీ అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి న్యూజిలాండుకు వస్తున్నారు. రొటొరువా చూశాక రెండు రోజులు మిగులుతున్నాయి. ఆ రెండు రోజులకు తూర్పు తీరంలోని ఫకతానె అనే చిన్న ఊరికి వెళ్ళడం తగునా, అక్కడికి ఎదురుగా ఉన్న వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం మీద నడవవచ్చా, న్యూజిలాండు మూలవాసులైన మావోరీల సంస్కృతి అక్కడ నిజంగా కనిపిస్తుందా లేక టిక్కెట్టు కొని చూసే ప్రదర్శనేనా, శాకాహారులకు ఇబ్బంది ఉంటుందా అని అడిగారు.

నేను పన్నెండేళ్ళుగా ఇదే తీరంలోని తౌరంగా నగరంలో ఉంటున్నాను. చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడల్లా వారిని వెంటబెట్టుకుని ఫకతానెకు ఎనిమిది తొమ్మిది సార్లు వెళ్ళాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: తప్పకుండా వెళ్ళండి, రెండు రాత్రులు ఉండండి; కాని అగ్నిపర్వతం మీద నడవాలన్న ఆలోచన మానుకోండి. 2019 తరువాత అక్కడ పర్యాటకులను దించడం లేదు. దానికి బదులుగా ఒడ్డుకు దగ్గరగా ఉన్న మౌతొహొరా దీవికి, అనుమతి ఉన్న పడవవారితో వెళ్ళవచ్చు. రొటొరువా నుంచి మధ్యాహ్నానికి చేరుకుని ఆ సాయంత్రం ఊరు చూడండి. పడవ ప్రయాణాన్ని మరునాడు ఉదయానికి ఖరారు చేసుకుని, మూడో రోజు ఉదయాన్ని ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీ ఎందుకో కింద వివరిస్తాను, ఎందుకంటే మొదటిసారి వెళ్ళినప్పుడు అది లేకనే నేను దెబ్బతిన్నాను.

ముందుగా ఊరి పేరు. ఆంగ్ల అక్షరాలను చూసి మనవాళ్ళు "వకటానే" అంటారు. మావోరీ భాషలో ఆ మొదటి రెండక్షరాలకు దాదాపు "ఫ" ధ్వని ఉంటుంది కనుక అది ఫకతానె. నిజానికి మావోరీ పేర్లు పలకడంలో తెలుగువారికి ఉన్న సౌలభ్యం చాలామందికి లేదు. వారికీ అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చులు హ్రస్వంగాను దీర్ఘంగాను ఉన్నాయి. వారి మాటలు కూడా మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. మనం వర్ణమాలలో నేర్చుకుని మరచిపోయే "ఙ" వారికి నిత్యం అవసరమయ్యే అక్షరం. ఈ ఊరు ఏ తెగదో ఆ తెగ పేరే ఙాతి అవ. మీ నాన్నగారు ఒకటికి రెండుసార్లు పలికి చూస్తే చాలు, అక్కడివారు సంతోషిస్తారు.

పేరు వెనుక ఉన్న కథ తెలియకపోతే ఊరు సగమే కనిపిస్తుంది. మాతాతువ అనే నావలో తొరొవ అనే నాయకుడు తన వారితో సముద్రం దాటి వచ్చాడు. ఈ నదీముఖం దగ్గర మగవాళ్ళు ఒడ్డు చూడడానికి దిగిపోగా, ఆడవాళ్ళు మాత్రమే ఉన్న నావ పోటుకు కొట్టుకుపోసాగింది. తెడ్లను స్త్రీలు తాకకూడదన్న నిషేధం ఉన్న కాలమది. తొరొవ కుమార్తె వైరక "కియ ఫకతానె ఔ ఇ అహౌ", అంటే "నేను మగవాడిలా వ్యవహరిస్తాను" అని తెడ్డు అందుకుని నావను కాపాడింది. తానె అంటే పురుషుడు. ఊరికి ఆ మాటే పేరైంది. పక్కనున్న ఓపోతికి వైపు వెళ్ళి ఇదే కథ అడిగితే, తెడ్డు పట్టింది వైరక కాదు, తొరొవ చెల్లెలు మురివై అని చెబుతారు. ఎవరిది సరైన పాఠమని వాదించడం అతిథి పని కాదు. రెండూ వినండి.

ఇప్పుడు మొదటి సాయంత్రం సంగతి. తొరొవకు అతని తండ్రి ఇరకెవ ముందే మూడు గుర్తులు చెప్పాడట: ఒక జలపాతం, ఒక గుహ, ఒక బండ, అవి కనిపించిన చోట దిగమని. జలపాతం వైరెరె ఇప్పటికీ ఊరి వెనుక కొండ అంచున, ఇళ్ళకు కొద్ది నిమిషాల నడకలో పడుతూనే ఉంది. గుహను మురివై గుహ అంటారు. నదీముఖానికి వెళ్ళే దారి పక్కనే ఉంటుంది, ఒకప్పుడు చాలా లోతుగా ఉండి ఇప్పుడు రాళ్ళు కూలడంతో చిన్నదైపోయింది. నదీముఖం దగ్గర మరో బండ మీద వైరక కంచు విగ్రహం నిలబడి ఉంటుంది. దానిని 1965లో ప్రతిష్ఠించారు. పోటు వేళ ఆ బండ చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, ఆమె నీటి మీద నిలబడినట్టే ఉంటుంది. వీటన్నిటి మధ్య కారులో వెళితే, పెద్దవాళ్ళు నడిచేది కొంచెమే.

ఊరి నడిబొడ్డున, దుకాణాల మధ్య, పోహతురొవ అనే ఒంటి కొండరాయి ఉంది. తెలియనివారు దానిని పార్కులో అలంకారం అనుకుని ఫోటో తీసుకుని పోతారు. అది ఙాతి అవ వారికి అత్యంత పవిత్రమైన స్థలం. పూర్వం అక్కడ పుట్టుక, మరణం, పచ్చబొట్టు వంటి సందర్భాలకు సంబంధించిన క్రతువులు జరిగేవి. 1840 జూన్ 16న ఙాతి అవ నాయకులు కొందరు బ్రిటిష్ రాణితో చేసుకున్న వైతాంగి ఒడంబడిక మీద సంతకాలు చేసింది అక్కడే. దాని మీదికి ఎక్కకూడదు, ఆనుకుని కూర్చుని తినకూడదు. మీ అబ్బాయికి ముందే చెప్పి తీసుకువెళ్ళండి, ఎందుకంటే ఆ రాయిని చూడగానే పదేళ్ళ పిల్లవాడికి మొదట తోచేది ఎక్కాలనే.

ఇక సంస్కృతి నిజమా, ప్రదర్శనా అన్న ప్రశ్న. రొటొరువాలో మీరు చూడబోయే విందు, నృత్యాల కార్యక్రమాలు ప్రధానంగా పర్యాటకుల కోసం ఏర్పాటు చేసినవి. అందులో తప్పేమీ లేదు, అవి కూడా మావోరీలే నడిపేవి చాలా ఉన్నాయి. ఫకతానెలో మాత్రం మీరు చూసేవి ఆ ఊరివారు తమకోసం ఉంచుకున్నవి. అందులో ముఖ్యమైనది మాతాతువ సభాగృహం. దాని చరిత్ర వింటే ఒక ఇల్లు ఇంత ప్రయాణం చేయగలదా అనిపిస్తుంది.

1865లో ఇక్కడ ఒక ప్రభుత్వ ప్రతినిధి, అతనితో వచ్చినవారు హత్యకు గురైన తరువాత 1866లో ప్రభుత్వం ఙాతి అవ భూములను జప్తు చేసింది. చెల్లాచెదురైన వంశాలను తిరిగి ఒక కప్పు కిందికి తేవాలని కట్టి, 1875లో ప్రారంభించిన ఇల్లు ఇది. నాలుగేళ్ళకే ప్రభుత్వం దానిని విప్పించి 1879 సిడ్నీ ప్రదర్శనకు పంపింది. అక్కడ దానిని లోపలి వైపు బయటకు వచ్చేలా నిలబెట్టారు. పూర్వుల రూపాలు చెక్కిన లోగోడలు, చూడవచ్చినవారికి సులువుగా కనబడాలని, ఎండావానల్లోకి తిరిగాయి. తరువాత మెల్‌బోర్న్, ఆపైన లండన్. అక్కడ మ్యూజియంవారి నిల్వలో దాదాపు నలభై ఏళ్ళు. 1924లో వెంబ్లీ ప్రదర్శనలో మళ్ళీ నిలబెట్టి, 1925లో న్యూజిలాండు దక్షిణాన ఉన్న దునెడిన్ ప్రదర్శనకు తెచ్చి, చివరికి అక్కడి ఒటాగో మ్యూజియంలో ఉంచారు. 1996లో అది ఙాతి అవ వారికి తిరిగి దక్కింది. 2011 సెప్టెంబరులో సొంత ఊళ్ళో మళ్ళీ తలుపులు తెరిచింది. పుట్టిన తరువాత నూట ముప్ఫై ఏళ్ళకు పైగా గడిస్తే, అందులో ఎక్కువ భాగం పరాయి చోట్ల గడిచింది.

లోపలికి వెళ్ళాలంటే ముందుగా ఫోను చేసి వేళ ఖరారు చేసుకోవాలి. ఆ రోజు అక్కడ అంత్యక్రియల సభ గానీ తెగ సమావేశం గానీ ఉంటే సందర్శకులను అనుమతించరు. అప్పుడు నిరాశపడవద్దు, అది మ్యూజియం కాదని చెప్పే గుర్తు అదే. చెప్పులు గుమ్మం బయటే విడవాలి, లోపల తినకూడదు, తాగకూడదు, తలగడల మీద కూర్చోకూడదు, అడగకుండా ఫోటో తీయకూడదు. అన్నం పెట్టే బల్లల మీద కూర్చోవడం అక్కడ చాలా తప్పు. మన ఇళ్ళలో మడి, మైల అన్న మాటలు వింటూ పెరిగిన పెద్దవాళ్ళకు ఈ నియమాలు వింతగా అనిపించవు. పవిత్రమైనదాన్ని ముట్టకూడదన్న మావోరీ "తపు"కూ మన మడికీ పూర్తి పోలిక లేదు గానీ, తలకు, తిండికి, చావుకు సంబంధించిన వస్తువులను కలపకూడదన్న పట్టింపు రెండింటిలోనూ కనిపిస్తుంది. మా పిన్నిగారిని తీసుకువెళ్ళినప్పుడు ఆవిడకు నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది. నాకే ఆవిడ చెప్పింది.

స్వాగతంలో ముక్కు, నుదురు తాకించి ఊపిరి పంచుకునే హొంగి ఉంటుంది. మీ అమ్మగారికి అది ఇబ్బంది అనిపిస్తే ముందుగా గైడుతో చెప్పండి, చేయి కలిపితే సరిపోతుంది. ఎవరూ నొచ్చుకోరు.

ఇక దీవులు. ఊరి ముందు సముద్రంలో రెండు కనిపిస్తాయి. దగ్గరిది మౌతొహొరా, ఊరికి సుమారు 9 కిలోమీటర్లు. దూరంగా, తేటగా ఉన్న రోజున తెల్లని ఆవిరి పోగుతో కనిపించేది ఫకారి, సుమారు 48 కిలోమీటర్లు. 1769లో ఇటుగా వెళ్ళిన కెప్టెన్ కుక్ దానికి వైట్ ఐలాండ్ అని పేరు పెట్టాడు.

ఫకారి గురించి నిక్కచ్చిగా చెప్పాలి. 2019 డిసెంబరు 9 మధ్యాహ్నం 2 గంటల 11 నిమిషాలకు అది పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు, మిగిలిన 25 మందీ గాయపడ్డారు, చాలామంది ఘోరంగా కాలిపోయారు. మూడు వారాల ముందే, నవంబరు 18న, ఐదు దాకా ఉండే హెచ్చరిక స్థాయిని 2కు పెంచారు. అయినా యాత్రలు సాగాయి. అంతకు చాలా ముందు, 1914లో, గంధకం తవ్వే పదిమంది పనివారు బురద ప్రవాహంలో కొట్టుకుపోయారు. వారి పిల్లి ఒక్కటే మిగిలింది. అంటే ఈ పర్వతం తన స్వభావాన్ని దాచుకోలేదు. ఇప్పటికీ కొన్ని పాత బ్లాగుల్లో ముఖానికి మాస్కులు తగిలించుకుని బిలం అంచున నవ్వుతున్న ఫోటోలు చూసి మనవాళ్ళు అడుగుతూనే ఉంటారు. చూడాలని గట్టిగా ఉంటే, పర్వతం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో చిన్న విమానాల్లో చుట్టూ తిప్పి చూపించే అవకాశం ఉంటుంది. అయితే అది ఆ వారం హెచ్చరిక స్థాయిని బట్టి ఉంటుంది కనుక, న్యూజిలాండు భూగర్భ పరిశీలన సంస్థ జియోనెట్ ప్రకటన చూసి నిర్ణయించుకోండి.

మరొక సంగతి. మీరు వచ్చేది డిసెంబరులో. చనిపోయినవారిలో ఇద్దరు గైడ్లు ఈ ప్రాంతంవాళ్ళు. ఆ రోజు ఇక్కడి హెలికాప్టరు పైలట్లు తమంతట తాము వెళ్ళి గాయపడినవారిని మోసుకొచ్చారు. తరువాత ఙాతి అవ వారు ఆ సముద్రం మీద "రాహుయి" విధించారు. మరణం జరిగిన నీటిలో కొంతకాలం చేపలు పట్టకూడదు, అక్కడ దొరికినది తినకూడదన్న కట్టుబాటు అది. కాఫీ దుకాణంలో నిలబడి "అగ్నిపర్వతం ఎలా పేలింది, మీరు చూశారా" అని సరదాగా అడగవద్దు. ఒకసారి మా బృందంలో ఒకాయన అడిగారు. కాఫీ ఇస్తున్న అమ్మాయి కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆమె ఎవరిని పోగొట్టుకుందో మాకు తెలియదు.

మౌతొహొరా వేరే లోకం. 143 హెక్టార్ల దీవి, ఎత్తు 353 మీటర్లు. తొహొరా అంటే తిమింగలం. ఊరి వైపు నుంచి చూస్తే నీటిలో తేలుతూ పడుకున్న తిమింగలంలాగే ఉంటుంది. ఒకప్పుడు మేకలు, ఎలుకలు, కుందేళ్ళు దానిని బోడి చేశాయి. 1980లు ముగిసేలోపు వాటన్నిటినీ తొలగించి, చెట్లు నాటి, ప్రధాన భూమిలో కనబడకుండా పోయిన పక్షులను తెచ్చి వదిలారు. వీపు మీద ఇటుక రంగు జీను వేసినట్టుండే తీయెకె పక్షి మీ తల మీదుగానే అరుస్తూ పోతుంది. తువతర అనే పురాతన సరీసృపం కూడా అక్కడ ఉంది, కాని పగటి పూట అది కనబడుతుందని పిల్లవాడికి మాట ఇవ్వకండి. 2005లో ఙాతి అవ వారితో కుదిరిన పరిష్కారం తరువాత దీవి నిర్వహణలో తెగకూ ప్రభుత్వ పరిరక్షణ శాఖకూ ఉమ్మడి పాత్ర ఉంది. సొంతంగా పడవ వేసుకుని వెళ్ళి దిగడానికి వీల్లేదు.

ఎక్కే ముందు సంచులు విప్పించి చూస్తారు, బూట్ల అడుగుభాగం శుభ్రం చేయిస్తారు. అది లాంఛనం కాదు. ఒక్క చూలు ఎలుక చేరితే ముప్ఫై ఏళ్ళ పని పోతుంది. మా తోడల్లుడి సాక్సుకు అంటుకున్న గడ్డి గింజలను గైడు ఒక్కొక్కటే గోటితో లాగి చిన్న డబ్బాలో వేసింది. ఆయన మొదట నవ్వాడు, పదకొండో గింజ దగ్గర నవ్వడం ఆపాడు. దీవి మీద దారి తప్పి అడుగు వేయకూడదు, నేలంతా సముద్రపక్షుల బొరియలే, కాలు పెడితే గూడు కూలిపోతుంది. ఒక ఒడ్డున ఇసుకలో మడమతో చిన్న గుంట చేస్తే వేడినీళ్ళు ఊరుతాయి. మా పిల్లలకు దీవి మొత్తంలో గుర్తున్నది ఆ గుంటే.

ఇప్పుడు ఆ ఖాళీ ఉదయం సంగతి. నాది అంతర్వేది ప్రాంతం. గోదావరి సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. అక్కడ ఇసుక మేటల మీద అలలు విరుగుతున్నప్పుడు పడవ దాటించడం ఎంత ప్రమాదమో మా జాలరులకు తెలుసు. ఫకతానె నదికీ అచ్చం అలాంటి మొగే ఉంది. ఊళ్ళో ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉన్నా, ఎక్కడో దూరపు తుపాను పంపిన కెరటం మొగ దగ్గర లేస్తే ఆ రోజు పడవలు కదలవు. మొదటిసారి మేము ఒకే ఒక ఉదయం పెట్టుకుని తౌరంగా నుంచి చీకటితో బయలుదేరి వెళ్ళాం. రేవులో దిగాక యాత్ర రద్దయిందన్నారు. డబ్బు తిరిగి ఇచ్చారు గాని, మా మామయ్యగారు ఆ మరునాడే విమానం ఎక్కవలసి ఉండడంతో ఆ దీవి చూడకుండానే వెళ్ళిపోయారు. కనుక ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి అడగండి, రద్దయితే మరుసటి ఉదయానికి మార్చమనండి. పడవ తిరుగుడు పడనివారు అల్పాహారం తేలికగా తిని, మందు అరగంట ముందే వేసుకోవాలి.

ఉండడానికి ఊళ్ళోనైనా, కొండ దాటితే వచ్చే ఓహొపెలోనైనా మంచిదే. ఓహొపె తీరం 11 కిలోమీటర్ల పొడవు. మీరు వచ్చే వేళకు కొండ అంచులంతా పొహుతుకవ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి, రాలిన కేసరాలు ఇసుక మీద కుంకుమ చల్లినట్టు ఉంటాయి. క్రిస్మసు నుంచి జనవరి దాకా గదులు దొరకవు, ఇప్పుడే పట్టుకోండి. ఈతకు ఎరుపు, పసుపు జెండాల మధ్యనే దిగాలి. గోదావరిలో ఈదినవాడినని మీ నాన్నగారు చెప్పినా సరే. కొండ మీదుగా సముద్రం పక్కన నడిచే దారి చాలా బాగుంటుంది, కాని ఓతరవైరెరె అనే చిన్న ఖాతం దగ్గర ఆటు సమయం చూసుకునే వెళ్ళాలి, పోటులో రాళ్ళ దగ్గర దారి మూసుకుపోతుంది. అది మీకూ మీ అబ్బాయికీ; పెద్దవాళ్ళకు కాదు.

ఒక హెచ్చరిక కూడా. తీరంలో ఉండగా భూమి గట్టిగా గానీ, నిమిషం పైగా గానీ కంపిస్తే సైరను కోసం ఎదురుచూడకుండా ఎత్తుకు వెళ్ళిపోవాలి. 2021 మార్చి 5న దూరాన సముద్రంలో వచ్చిన భూకంపం తరువాత సునామీ భయంతో ఫకతానె, ఓహొపె తీరవాసులను కొండల మీదికి పంపారు. పెద్ద నష్టం జరగలేదు. మీరు దిగే ఇంటి నుంచి ఎత్తైన చోటికి ఏ దారి ఉందో చేరిన రోజే చూసుకోండి.

తిండి గురించి దిగులు వద్దు, ఆశలూ ఎక్కువ పెట్టుకోవద్దు. చిన్న వంటగది ఉన్న మోటెల్ గది తీసుకుంటే సూపర్‌మార్కెట్టులో బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. బంగాళాదుంప చిప్స్ శాకాహారమే అనుకుని చేపల దుకాణంలో కొనకండి, చాలాచోట్ల చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారు; అడిగి తెలుసుకోండి. చిలగడదుంపను ఇక్కడ కుమర అంటారు. తొయి అనే పూర్వుడి కాలంలో ఎండబెట్టిన కుమరను మొదటిసారి రుచి చూసిన ఈ ఊరివారు, దాని విత్తనం కోసం పూర్వీకుల స్వస్థలమైన హవైకికి నావ పంపారని వారి సంప్రదాయం చెబుతుంది. కాల్చిన కుమర మీద కొంచెం ఉప్పు, కారం చల్లుకుని తింటే మీ అమ్మగారికి సంక్రాంతి రోజులు గుర్తుకు రావచ్చు. ఇంటి నుంచి తెచ్చే ఆవకాయ, పొడులు, నెయ్యి ఏవైనా విమానాశ్రయంలో తిండి పదార్థాలుగా తప్పక ప్రకటించండి. ప్రకటించకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ప్రకటించాక వారు తీసేసుకున్నా జరిమానా ఉండదు.

రొటొరువా నుంచి రొతొమా సరస్సు పక్కగా వెళ్ళే రోడ్డు సుమారు 85 కిలోమీటర్లు, గంటన్నర పెట్టుకోండి. మలుపులు ఎక్కువ, చీకటి పడకముందే చేరండి.

చివరగా మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి గురించి రాశారు. దీవి ఒడ్డున దిగడం, ఎగుడుదిగుడు దారిలో పైకి ఎక్కడం ఉంటాయి కనుక పడవవారితో ముందే మాట్లాడండి. ఆమె రానని చెబితే బలవంతపెట్టకండి. మీ నాన్నగారిని తోడుంచి, ఒక ఫ్లాస్కులో కాఫీ పోసి, నదీముఖం దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళండి. వైరక విగ్రహానికి ఎదురుగా కూర్చుంటే మీ పడవ మొగ దాటడం, ముందు భాగం పైకి లేచి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కిందికి దిగడం, అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.